టెర్మినల్ ప్రాంప్ట్, రంగులు మనకి కావాల్సినట్టు సెట్ చేస్కోవడం: మొదటి నుంచి చివరి దాకా

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి నా స్క్రీన్ మీద రెండు టెర్మినల్ విండోలు తెరిచి ఉన్నాయి, ఒకటి నా ల్యాప్‌టాప్ ది, ఇంకోటి ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషిన్ లోకి లాగిన్ అయ్యే పద్ధతి) తో కనెక్ట్ అయిన లైవ్ సర్వర్ ది. రెండూ నల్ల బ్యాక్‌గ్రౌండే, రెండిట్లో తెల్ల అక్షరాలే, చివర అదే డాలర్ గుర్తు. పాత టెస్ట్ ఫైల్స్ తీసేద్దామని డిలీట్ కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాక గానీ నేనున్నది సర్వర్ లో అని తెలీలేదు. ముందు రోజు బ్యాకప్ ఉండబట్టి చాలావరకు వెనక్కొచ్చింది కానీ ఆ ఒక్క రోజు యూజర్లు అప్‌లోడ్ చేసినవన్నీ పోయాయి, మళ్ళీ పంపండని ఒక్కొక్కళ్ళనీ అడగాల్సొచ్చింది. మర్నాడు పొద్దున్నే నేను చేసిన మొదటి పని సర్వర్ ప్రాంప్ట్ ని, అంటే కమాండ్ కొట్టే చోటికి ముందు కనపడే చిన్న టెక్స్ట్ ని, ఎర్రగా మార్చడం.

అందుకే నా దృష్టిలో ప్రాంప్ట్ కి రంగులేసుకోవడం సోకు కాదు. ఎంటర్ నొక్కే ముందు మన కళ్ళు పడే చివరి చోటు అది, నేను ఎక్కడున్నాను, ఎవరిగా ఉన్నాను, ఇందాక కొట్టిన కమాండ్ సక్సెస్ అయిందా ఫెయిలయిందా అనేది అక్కడ ఒక్క చూపులో తెలియాలి. అందం కూడా కావాలి, రోజూ గంటల తరబడి చూసే స్క్రీన్ కదా, కానీ ముందు ఇది.

ఒక మాట: కింద కమాండ్లు, ఫైల్ పేర్లు అన్నీ తెలుగు అక్షరాల్లో రాశాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ లో కొట్టాలి, కాపిటల్ అని చెప్పిన చోట తప్ప మిగతాదంతా చిన్న అక్షరాలే.

ముందు మూడు ముక్కలు విడివిడిగా అర్థం చేస్కోండి

చాలామంది ఇక్కడే తికమక పడతారు. మీరు చూసే విండో ఉంది చూశారా, అది టెర్మినల్: విండోస్ టెర్మినల్, గ్నోమ్ టెర్మినల్, ఐటెర్మ్2, అలక్రిటీ లాంటివి. ఫాంట్, బ్యాక్‌గ్రౌండ్, రంగుల షేడ్స్ అన్నీ దీని చేతిలో ఉంటాయి. దాని లోపల నడిచేది షెల్, మనం కొట్టిన కమాండ్లని చదివి నడిపే ప్రోగ్రామ్, అంటే బ్యాష్, జీ షెల్, ఫిష్, పవర్‌షెల్ లాంటివి. ఆ షెల్ ప్రతి కమాండ్ కి ముందు ప్రింట్ చేసే చిన్న టెక్స్ట్ ప్రాంప్ట్. షెల్ మామూలుగా "ఎరుపు అంటే ఈ షేడ్" అని చెప్పదు, "1వ నంబర్ రంగు వెయ్యి" అంటుంది అంతే, ఆ 1 ఏ షేడ్ లో కనపడాలో టెర్మినల్ థీమ్ డిసైడ్ చేస్తుంది. మీ ఫ్రెండ్ కాన్ఫిగ్ ఫైల్, అంటే సెట్టింగ్స్ ఉండే ఫైల్, తెచ్చి అచ్చం అలాగే పెట్టుకున్నా మీ దగ్గర వేరేగా కనపడటానికి కారణం ఇదే.

మీ షెల్ ఏదో తెలీకపోతే ఈకో అని కొట్టి స్పేస్ ఇచ్చి $0 కొట్టండి, పేరు చెప్తుంది. చాలా లైనక్స్ లలో బ్యాష్ ఉంటుంది, 1989 లో బ్రయాన్ ఫాక్స్ రాసింది. మ్యాక్ లో అయితే 2019 లో వచ్చిన కాటలీనా నుంచి జీ షెల్ డిఫాల్ట్ అయింది, ఇది పాల్ ఫాల్‌స్టాడ్ 1990 లో మొదలుపెట్టింది. బ్యాష్ వాళ్ళు ఎడిట్ చెయ్యాల్సిన ఫైల్ హోమ్ ఫోల్డర్ లో .బ్యాష్‌ఆర్‌సీ, జీ షెల్ వాళ్ళది .జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ. ముందు చుక్క ఉంది కాబట్టి మామూలుగా కనపడవు, ఫోల్డర్ లో ఏమున్నాయో చూపించే ఎల్ఎస్ కమాండ్ కి మైనస్ ఏ తగిలిస్తే కనపడతాయి. మ్యాక్ లో బ్యాష్ వాడేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, అక్కడ టెర్మినల్ తెరిస్తే లాగిన్ షెల్ గా మొదలవుద్ది, అది .బ్యాష్_ప్రొఫైల్ చదువుతుంది, .బ్యాష్‌ఆర్‌సీ ని చదవదు, కాబట్టి ప్రొఫైల్ లోంచి దాన్ని సోర్స్ చేసే, అంటే చదివించి నడిపే, లైన్ ఒకటి పెట్టుకోండి.

ఏదీ ముట్టుకోక ముందే ఆ ఫైల్ కి ఒక కాపీ తీస్కోండి, చివర .బ్యాక్ అని పెట్టి సేవ్ చేస్తే చాలు. ఎడిట్ చేసేటప్పుడు రెండో టెర్మినల్ విండో ఒకటి తెరిచే ఉంచండి, మార్పులు టెస్ట్ చేసేది ఆ కొత్త దాంట్లోనే, పాతది మూసెయ్యకండి. ఏదన్నా తేడా కొట్టి షెల్ అసలు ఓపెన్ అవ్వకపోతే బ్యాష్ ని --నోఆర్‌సీ ఆప్షన్ తో, జీ షెల్ ని మైనస్ ఎఫ్ తో స్టార్ట్ చేస్తే మీ కాన్ఫిగ్ చదవకుండా ఖాళీగా తెరుచుకుంటుంది, అందులోంచి పాత కాపీ వెనక్కి పెట్టేస్కోవచ్చు.

రంగుల ప్యాలెట్

టెర్మినల్ రంగుల కథ పాతదే, 1978 లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 పాపులర్ చేసిన ఎస్కేప్ కోడ్ల (టెక్స్ట్ మధ్యలో పంపే, స్క్రీన్ మీద కనపడని ఆదేశాల) పద్ధతే ఇవాళ్టికీ నడుస్తోంది. బేసిక్ గా 16 రంగులు, 8 మామూలువి, 8 బ్రైట్ వి. అక్షరాలకి మామూలు రంగుల కోడ్లు 30 నుంచి 37, బ్యాక్‌గ్రౌండ్ కి 40 నుంచి 47, బ్రైట్ అక్షరాలకి 90 నుంచి 97. వరస ఇలా గుర్తుపెట్టుకోండి: నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, మెజెంటా, సయాన్, తెలుపు. అంటే 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, అలా.

థీమ్ అంటే ఈ 16 కీ షేడ్స్ ఎంచి పెట్టిన ఒక సెట్, అంతే. సోలరైజ్డ్ 2011 లో వచ్చింది, డ్రాకులా 2013 లో మొదలైంది, గ్రువ్‌బాక్స్, నార్డ్, టోక్యో నైట్, క్యాట్‌పుచ్చిన్ కూడా చాలామంది వాడతారు. విండోస్ టెర్మినల్ లో సెట్టింగ్స్ కి వెళ్ళి కలర్ స్కీమ్స్ లో, గ్నోమ్ టెర్మినల్ లో ప్రిఫరెన్సెస్ లో మీ ప్రొఫైల్ కింద కలర్స్ లో, ఐటెర్మ్2 లో ప్రొఫైల్స్ లోపల కలర్ ప్రీసెట్స్ లో మార్చుకోవాలి.

థీమ్ ని వెబ్‌సైట్ లో స్క్రీన్‌షాట్ చూసి ఫిక్స్ అవ్వకండి. పెట్టుకున్నాక మూడు చూడండి. ఒకటి, నీలం రంగు: నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పాత ముదురు నీలం అసలు చదవలేం, ఎల్ఎస్ కొడితే ఫోల్డర్ పేర్లు వచ్చేది ఎక్కువగా ఆ రంగులోనే, కాబట్టి అది లేతగా ఉన్న థీమ్ కావాలి. రెండు, బ్రైట్ బ్లాక్, అంటే 90: కొన్ని టూల్స్ కామెంట్లు, సలహాలు ఈ గ్రే లో చూపిస్తాయి, అది బ్యాక్‌గ్రౌండ్ లో కలిసిపోతే టెక్స్ట్ అక్కడ ఉందనే తెలీదు. మూడోది సోలరైజ్డ్ వాడేవాళ్ళకి మాత్రమే, అందులో బ్రైట్ స్లాట్లలో చాలావాటిని గ్రే షేడ్స్ కి వాడేశారు, బ్రైట్ గ్రీన్ అడిగితే గ్రే వస్తుంది, అది మీ కాన్ఫిగ్ తప్పు కాదు, థీమ్ డిజైనే అంత. నేను ఒక సాయంత్రమంతా ఈ ఒక్క దాని మీద కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా.

16 చాలకపోతే 256 రంగుల మోడ్ ఉంది, ఆ 16 కి తోడు 6×6×6 లెక్కన 216 రంగులు, ఇంకా 24 గ్రే షేడ్స్. దాని పైన ట్రూ కలర్, అంటే ఎరుపు ఆకుపచ్చ నీలం మూడిటికీ 0 నుంచి 255 దాకా నంబర్ ఇచ్చి ఏ రంగైనా అడగొచ్చు. కానీ ప్రాంప్ట్ కి నా సలహా 16 తోనే ఉండండి, ఎందుకంటే రేపు థీమ్ మారిస్తే ప్రాంప్ట్ కూడా దాంతో పాటే మారుద్ది, ట్రూ కలర్ లో నంబర్లు రాసేస్తే డార్క్ నుంచి లైట్ థీమ్ కి వెళ్ళినప్పుడు అవి అలాగే ఉండిపోయి కళ్ళకి ఇబ్బంది.

ఫాంట్ సంగతి

ఫ్యాన్సీ థీమ్ పెట్టగానే బాణాలు, ఐకాన్ల ప్లేస్ లో డబ్బాలు, ప్రశ్న గుర్తులు వస్తే అది ఫాంట్ ప్రాబ్లమ్. ఆ గుర్తులు మామూలు ఫాంట్లలో ఉండవు, నెర్డ్ ఫాంట్స్ అనే ప్రాజెక్ట్ వాళ్ళు ఫిరాకోడ్, జెట్‌బ్రెయిన్స్ మోనో, హ్యాక్ లాంటి ఫాంట్లలో ఈ ఐకాన్లు కలిపి ఇస్తారు. ఒకటి డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేస్కుని టెర్మినల్ సెట్టింగ్స్ లో సెలెక్ట్ చెయ్యాలి, ఇన్‌స్టాల్ ఒక్కటీ చేసి సెలెక్ట్ చెయ్యడం మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

ఫాంట్ ఉండాల్సింది మీ కళ్ళ ముందున్న మెషిన్ లో. సర్వర్ లో ఇన్‌స్టాల్ చేస్తే ఏమీ ఉపయోగం లేదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల నడిచే లైనక్స్) లోపల పెట్టినా అంతే, విండోస్ లో పెట్టాలి. వీఎస్ కోడ్ లోపల తెరిచే టెర్మినల్ కి ఫాంట్ సెట్టింగ్ మళ్ళీ వేరే, అక్కడ కూడా మార్చుకోండి. ఐకాన్లు పక్క అక్షరం మీదకి ఎక్కేస్తుంటే అదే ఫాంట్ లో మోనో అని ఉండే వేరియంట్ ట్రై చెయ్యండి.

ప్రాంప్ట్ లో తెలుగు అక్షరాలు పెట్టుకుందామనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ ఒక గడిలో కూర్చోబెట్టే పద్ధతి మీద నడుస్తుంది, మన గుణింతాలు, ఒత్తులు అలా గళ్ళలో ఇమడవు, చాలా టెర్మినల్స్ లో ఒత్తు విడిపోయి కర్సర్ ఎక్కడో ఉంటుంది. ఫైల్ పేర్ల వరకు ఫర్లేదు గానీ ప్రాంప్ట్ లో వద్దు.

చేత్తో రాసే ప్రాంప్ట్: బ్యాష్

రెడీమేడ్ టూల్ కి వెళ్ళే ముందు ఒక్కసారన్నా చేత్తో రాయండి, పది నిమిషాల పని, ఆ తర్వాత ఏ టూల్ పాడైనా ఎక్కడ వెతకాలో మీకు తెలుస్తుంది.

బ్యాష్ లో ప్రాంప్ట్ మొత్తం పీఎస్1 అనే వేరియబుల్ లో ఉంటుంది, పీ ఎస్ రెండూ కాపిటల్. దాన్లో బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం: యు అంటే యూజర్ పేరు, హెచ్ అంటే మెషిన్ పేరు, చిన్న డబ్ల్యూ పూర్తి పాత్ (ఇప్పుడున్న ఫోల్డర్ చిరునామా), కాపిటల్ డబ్ల్యూ చివరి ఫోల్డర్ మాత్రమే, టి టైమ్, ఎన్ కొత్త లైన్. \$ అని రాస్తే మామూలు యూజర్ కి డాలర్, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయితే # చూపిస్తుంది, ఇది తప్పకుండా ఉంచుకోండి. పాత్ మరీ పొడుగైపోతుంటే ప్రాంప్ట్_డర్‌ట్రిమ్ అనే వేరియబుల్, మొత్తం కాపిటల్స్ లో, 3 అని పెడితే చివరి మూడు ఫోల్డర్లే చూపిస్తుంది.

రంగు వెయ్యాలంటే \ఈ తర్వాత [ పెట్టి కోడ్ నంబర్ వేసి చివర చిన్న ఎమ్ పెట్టాలి. ఆకుపచ్చకి 32, బోల్డ్ కూడా కావాలంటే 1;32. రంగు ఆపడానికి అదే పద్ధతిలో 0. ఇది మర్చిపోతే మీరు టైప్ చేసే కమాండ్ కూడా అదే రంగులో వస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు చెప్తాను, జాగ్రత్తగా చదవండి. ప్రతి రంగు కోడ్ కీ ముందు \[ వెనక \] పెట్టి తీరాలి. ఇవి "మధ్యలో ఉన్నది స్క్రీన్ మీద చోటు తీస్కోదు, లెక్కపెట్టకు" అని బ్యాష్ కి చెప్పే గుర్తులు. పెట్టకపోయినా రంగులు బానే వస్తాయి, అందుకే తప్పు బయటపడదు, కానీ బ్యాష్ ప్రాంప్ట్ పొడుగుని ఎక్కువగా లెక్కేస్కుంటుంది, పొడుగు కమాండ్ టైప్ చేస్తే కింద లైన్ కి వెళ్ళకుండా అదే లైన్ మీదకొచ్చి పాత అక్షరాల మీదే రాస్తుంది, పై బాణం నొక్కి హిస్టరీ తిప్పితే చెత్తచెత్తగా మిగిలిపోతుంది. "టెర్మినల్ పాడైపోయింది" అని నా దగ్గరికొచ్చిన వాళ్ళలో చాలామందికి ఉన్న సమస్య ఇదే, రెండు బ్రాకెట్లు.

నేను రెండు లైన్ల ప్రాంప్ట్ వాడతాను, పై లైన్ లో యూజర్, మెషిన్, పాత్, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) లో నేనున్న బ్రాంచ్ పేరు, కింద లైన్ లో ఒట్టి డాలర్. కనపడేది ఇలా ఉంటుంది:

యూజర్@ల్యాప్‌టాప్ ~/ప్రాజెక్ట్/సోర్స్ (మెయిన్ *)
$

పాత్ ఎంత పొడుగైనా కమాండ్ ఎప్పుడూ ఎడమ అంచు నుంచే మొదలవుద్ది, అది అలవాటైతే ఒక లైన్ ప్రాంప్ట్ కి తిరిగి వెళ్ళలేరు.

పీఎస్1 విలువని సింగిల్ కోట్స్ లో రాయండి. డబుల్ కోట్స్ లో రాస్తే లోపల డాలర్ తో మొదలయ్యేవన్నీ ఫైల్ చదివేటప్పుడే ఒక్కసారి లెక్కకట్టేసి అలాగే గడ్డకట్టేస్తుంది, గిట్ బ్రాంచ్ మారినా ప్రాంప్ట్ లో పాత పేరే కనపడుతుంటుంది. సేవ్ చేశాక సోర్స్ అని కొట్టి ఫైల్ పేరు ఇస్తే ఆ విండోలోనే మార్పు వస్తుంది.

గిట్ బ్రాంచ్ చూపించడానికి గిట్ తో పాటే ఒక స్క్రిప్ట్ వస్తుంది, అది __గిట్_పీఎస్1 అనే ఫంక్షన్ ఇస్తుంది, ఇక్కడ పీ ఎస్ చిన్న అక్షరాలు. ఉబుంటు, డెబియన్ లలో మామూలుగా అది ముందే లోడ్ అయి ఉంటుంది. ప్రాంప్ట్ మధ్యలో డాలర్ పెట్టి మామూలు బ్రాకెట్లలో ఆ ఫంక్షన్ పేరు రాస్తే చాలు. గిట్_పీఎస్1_షోడర్టీస్టేట్ అనే వేరియబుల్ కి, ఇది మొత్తం కాపిటల్స్, 1 ఇస్తే ఇంకా స్టేజ్ చెయ్యని (కమిట్ కి, అంటే సేవ్ కి, సిద్ధం చెయ్యని) మార్పులుంటే * , స్టేజ్ చేసినవి ఉంటే + పక్కన చూపిస్తుంది. పెద్ద రిపోలో (గిట్ చూస్కునే ప్రాజెక్ట్ ఫోల్డర్ లో) దీని వల్ల ప్రతి ఎంటర్ కీ కాస్త ఆగినట్టనిపిస్తే ఆ ఒక్క లైన్ తీసేయండి.

ఇందాకటి కమాండ్ ఫెయిలయిందో లేదో చూపించాలంటే $? అనేదాన్ని వాడాలి, 0 అయితే సక్సెస్, వేరే ఏ నంబర్ అయినా ఫెయిల్. ప్రాంప్ట్_కమాండ్ అనే వేరియబుల్ లో, ఇదీ కాపిటల్సే, ఒక ఫంక్షన్ పేరు పెడితే బ్యాష్ ప్రతి ప్రాంప్ట్ కి ముందు దాన్ని నడుపుతుంది. ఆ ఫంక్షన్ లో మొట్టమొదటి లైన్ $? ని వేరే వేరియబుల్ లోకి దాచుకునేదే అయ్యుండాలి, ముందు ఇంకేం రన్ చేసినా దాని రిజల్ట్ వచ్చి కూర్చుంటుంది.

జీ షెల్ లో అయితే

ఇక్కడ పని తేలిక. వేరియబుల్ పేరు ప్రాంప్ట్, కాపిటల్స్ లో. బ్యాక్‌స్లాష్ బదులు పర్సెంట్ గుర్తు: %ఎన్ యూజర్, %ఎమ్ మెషిన్, %~ పాత్. రంగుకి % కాపిటల్ ఎఫ్ పెట్టి ఫ్లవర్ బ్రాకెట్లలో రంగు పేరే రాసేయొచ్చు, ఆపడానికి % చిన్న ఎఫ్, ఇలా రాస్తే చోటు లెక్క అదే చూస్కుంటుంది, ఇందాకటి బ్రాకెట్ల గొడవ ఉండదు. నాకు జీ షెల్ లో బాగా నచ్చింది కండిషన్: %(?. తర్వాత ఆకుపచ్చ రంగు కోడ్, ఒక చుక్క, ఎరుపు రంగు కోడ్, బ్రాకెట్ ముయ్యడం, ఆ తర్వాత ❯ గుర్తు. అంతే, కమాండ్ సక్సెస్ అయితే పచ్చ బాణం, ఫెయిలయితే ఎర్ర బాణం, ఫంక్షన్ ఏదీ రాయక్కర్లేదు. ముందు కాపిటల్ ఆర్ తగిలించి ఆర్‌ప్రాంప్ట్ అని రాస్తే అది కుడి అంచున వస్తుంది, టైమ్ పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఎరుపు, ఆకుపచ్చ తేడా కనపడని వాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకి ఈ రెండు బాణాలూ ఒకేలా ఉంటాయి. అందుకని ఫెయిలయినప్పుడు రంగుతో పాటు గుర్తు కూడా మార్చండి, ❯ బదులు ✗ వచ్చేలా, లేదా ఎర్రర్ నంబరే చూపించండి. టీమ్ మొత్తానికి ఒకే కాన్ఫిగ్ ఇస్తున్నట్టయితే ఇది కచ్చితంగా చెయ్యాల్సిందే.

సర్వర్ కి వేరే రంగు

ఈ మొత్తంలో ఒక్కటే చేసే టైముంటే ఇది చెయ్యండి. లైవ్ సర్వర్ లో మీ యూజర్ .బ్యాష్‌ఆర్‌సీ తెరిచి మెషిన్ పేరు ఉన్న ముక్కకి 41 బ్యాక్‌గ్రౌండ్, 97 అక్షరాలు, అంటే ఎర్ర పట్టీ మీద తెల్ల పేరు పెట్టండి. టెస్ట్ సర్వర్ కి పసుపు పట్టీ, 43 మీద నల్ల అక్షరాలు 30. మీ సొంత మెషిన్ కి అసలు పట్టీ వద్దు. రూట్ యూజర్ కి వేరే .బ్యాష్‌ఆర్‌సీ ఉంటుంది, మామూలు యూజర్ ది మార్చినంత మాత్రాన సుడో తో రూట్ అయినప్పుడు అది రాదు, అక్కడ కూడా విడిగా పెట్టాలి.

చాలా మెషిన్లకి ఒకే కాన్ఫిగ్ వాడేవాళ్ళు ఎస్ఎస్‌హెచ్_కనెక్షన్ అనే వేరియబుల్, ఇదీ మొత్తం కాపిటల్సే, ఖాళీనా కాదా అని చెక్ చేసి రంగు మార్చొచ్చు, ఎస్ఎస్‌హెచ్ ద్వారా వచ్చిన సెషన్ లో అది నిండి ఉంటుంది. అయితే లైవ్ కీ టెస్ట్ కీ తేడా అది చెప్పదు, దానికి మెషిన్ పేరు చూడాల్సిందే.

రెడీమేడ్ టూల్స్

ఇన్ని రాసే ఓపిక లేకపోతే, లేదా బ్యాష్, జీ షెల్, ఫిష్, పవర్‌షెల్ అన్నిట్లో ఒకే ప్రాంప్ట్ కావాలనుకుంటే స్టార్‌షిప్ తీస్కోండి. రస్ట్ భాషలో రాశారు, ఫాస్ట్ గా ఉంటుంది. ఇన్‌స్టాల్ చేశాక మీ షెల్ ఫైల్ లో చివరి లైన్ గా వాళ్ళిచ్చే ఇనిట్ లైన్ పెట్టాలి. సెట్టింగ్స్ ఫైల్ హోమ్ లో .కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల స్టార్‌షిప్.టామ్ల్. మొదట ఖాళీగానే వదిలెయ్యండి, డిఫాల్టే చాలా బాగుంటుంది: పాత్ లో చివరి మూడు ఫోల్డర్లు చూపిస్తుంది, మెషిన్ పేరు ఎస్ఎస్‌హెచ్ లో ఉన్నప్పుడు మాత్రమే చూపిస్తుంది, కమాండ్ 2 సెకన్లు దాటితే ఎంతసేపు పట్టిందో చెప్తుంది. పూర్తి థీమ్ కావాలంటే ప్రీసెట్ అనే సబ్‌కమాండ్ తో టోక్యో నైట్, గ్రువ్‌బాక్స్ రెయిన్‌బో లాంటివి ఫైల్ లోకి దించుకోవచ్చు, కాకపోతే అది పాత ఫైల్ మీదే రాసేస్తుంది, కాపీ తీసి పెట్టుకోండి. ఏ ముక్క ఎందుకు వస్తోందో తెలీకపోతే స్టార్‌షిప్ ఎక్స్‌ప్లెయిన్, ఏది లేట్ చేస్తోందో తెలియాలంటే స్టార్‌షిప్ టైమింగ్స్ కొట్టండి, ఈ రెండూ నేను తరచూ వాడతాను.

జీ షెల్ వాళ్ళకి ఓ మై జీ షెల్ 2009 నుంచి ఉంది, బోలెడు థీమ్స్, ప్లగిన్స్. నచ్చిన ప్లగిన్ అల్లా ఆన్ చేస్కుంటూ పోతే టెర్మినల్ తెరుచుకోడానికే సెకన్లు పడుద్ది, వాడేవి నాలుగైదు ఉంచుకోండి. పవర్‌లెవెల్10కె చాలా ఫాస్ట్, ప్రశ్నలడిగి సెటప్ చేసే విజర్డ్ కూడా ఉంది, కానీ దానికి కొత్త ఫీచర్లు రావట్లేదు, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను స్టార్‌షిప్ ఏ చెప్తాను. కమాండ్ టైప్ చేస్తుంటే రంగులేసే సింటాక్స్ హైలైటింగ్ ప్లగిన్ మాత్రం పెట్టుకోండి, కమాండ్ పేరు తప్పు కొడితే ఎంటర్ నొక్కకముందే ఎర్రగా చూపిస్తుంది, దాన్ని ఫైల్ లో మిగతా ప్లగిన్లన్నీ అయ్యాక ఆఖర్లో లోడ్ చెయ్యాలి.

మిగతా రంగులు, కొన్ని చిక్కులు

ఎల్ఎస్ కి, టెక్స్ట్ వెతికే గ్రెప్ కి --కలర్=ఆటో తో అలియాస్ (కమాండ్ కి మారుపేరు) పెట్టుకోండి, మ్యాక్ లో ఎల్ఎస్ కి మైనస్ కాపిటల్ జి. ఆటో బదులు ఆల్వేస్ పెట్టకండి, అలా పెడితే అవుట్‌పుట్ ని ఫైల్ లోకి పంపినప్పుడు రంగు కోడ్లు కూడా టెక్స్ట్ లో కలిసి పడతాయి, తర్వాత ఆ ఫైల్ చదివే స్క్రిప్ట్ తప్పుతుంది. పొడుగు టెక్స్ట్ ని పేజీలుగా చూపించే లెస్ లో రంగులు రావాలంటే మైనస్ కాపిటల్ ఆర్ ఇవ్వాలి.

రంగులు రావట్లేదని .బ్యాష్‌ఆర్‌సీ లో టెర్మ్ వేరియబుల్ ని (కాపిటల్స్ లో, ఇది ఏ రకం టెర్మినలో ప్రోగ్రామ్స్ కి చెప్తుంది) చేత్తో సెట్ చెయ్యమని సలహాలు కనపడతాయి, వద్దు. ఆ విలువ సెట్ చెయ్యాల్సింది టెర్మినల్, మీరు అబద్ధం చెప్తే టీమక్స్ (ఒకే టెర్మినల్ లో చాలా సెషన్లు నడిపే టూల్) లోపల, సీరియల్ కన్సోల్ లో కీస్, స్క్రీన్ పిచ్చిగా పని చేస్తాయి. టీమక్స్ లో రంగులు పాలిపోయి కనపడితే దాని కాన్ఫిగ్ లో డిఫాల్ట్ టెర్మినల్ ని టీమక్స్-256కలర్ అని పెట్టి, టెర్మినల్ ఫీచర్స్ లో ఆర్‌జీబీ (కాపిటల్స్) ఆన్ చెయ్యండి.

అన్నీ కుదిరాక ఈ ఫైల్స్ ని ఒక గిట్ రిపోలో పెట్టి హోమ్ నుంచి సిమ్‌లింక్ (అసలు ఫైల్ కి దారి చూపే లింక్) ఇచ్చుకోండి, కొత్త మెషిన్ వచ్చినా ఐదు నిమిషాల్లో మీ టెర్మినల్ మీకొచ్చేస్తుంది. పుష్ చేసే ముందు ఫైల్ మొత్తం ఒకసారి చదవండి, ఎప్పుడో పెట్టిన పాస్‌వర్డ్ లు, ఏపీఐ టోకెన్ లు .బ్యాష్‌ఆర్‌సీ లో ఎక్స్‌పోర్ట్ లైన్లుగా పడి ఉంటాయి, వాటిని వేరే ఫైల్ లోకి తీసి దాన్ని గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైల్స్ జాబితా) లో పెట్టండి. సర్వర్ల మీదకి మాత్రం ఈ రిపో మొత్తం మొయ్యక్కర్లేదు, ఆ ఎర్ర పట్టీ పీఎస్1 లైన్ ఒక్కటి కాపీ చేస్తే చాలు, అక్కడ స్టార్‌షిప్ లేకపోయినా నెర్డ్ ఫాంట్ లేకపోయినా అది పని చేస్తుంది.